మంటలేని చక్రం

మార్చి 3, సోమవారం

టీవీలో మళ్ళీ ఆ కోటు మనిషే. "సూర్యుడు అస్తమిస్తే ఏం చేస్తారండీ?" అని అడిగి, ప్రపంచంలో ఎవరికీ తట్టని ప్రశ్న తనకొక్కడికే తట్టినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. సూర్యుడు అస్తమిస్తాడన్న సంగతి మాకు తెలియదనుకున్నాడు కాబోలు! ఇన్నేళ్ళుగా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నేను చూస్తున్నది అదే కదా. ఎండ దిగిపోవడం, గాలి లేవడం, కొండల్లో నీళ్ళు వదలడం, బ్యాటరీలు నిండటం, ఖాళీ కావడం. దేశం ఏ క్షణంలో ఎంత కరెంటు వాడుకుంటుందో ఆ క్షణంలోనే అంతే పుట్టించాలి. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. అది సరిగ్గా ఉందో లేదో చెప్పేది ఒకే ఒక్క అంకె: యాభై. సెకనుకి యాభై ఊగులు. ఆ అంకె నిలబడితే దేశం నిలబడ్డట్టు. బొగ్గు లేకుండానే నిలబెడతాం. బూడిద పీల్చి పిల్లలు దగ్గుతుంటే కిమ్మనని పెద్దమనిషికి సూర్యాస్తమయం మీద బెంగ పుట్టుకొచ్చింది, పాపం.

జవాబు రాయబోయి ఆపేశాను. కిటికీలోంచి చిమ్నీ కనిపిస్తోంది. దేశంలో మిగిలిన ఆఖరి బొగ్గు ప్లాంటు. నెలాఖరున మంట ఆర్పేస్తారు. ఆ రోజు డెస్కు మీద డ్యూటీ నాదే. అడిగి మరీ వేయించుకున్నాను. జీవితంలో ఇంతకంటే ఏమీ కోరలేదు.

పొగ ఇవాళ తెల్లగా, దారి తప్పిన మేఘంలా ఉంది. అందంగా ఉంది. ఆ మాట రాసినందుకు నా మీద నాకే చిరాకు.

ఆ పొగ కిందే అన్నయ్య ఉంటాడు. టర్బైన్ ఫోర్‌మన్. నేను రాసిన "బూడిద" వ్యాసం అచ్చయిన దగ్గర్నుంచి నాతో మాటల్లేవు. నాకేం బెంగ లేదు.

మార్చి 4

షిఫ్టు దిగి వస్తుంటే బస్సులో కునుకు పట్టింది. ఇంత పెద్ద తెల్లటి దుప్పటి, దాని అంచులు పట్టుకుని దేశంలోని జనమంతా నిలబడ్డారు. దుప్పటి మధ్యలో ఒక నీటి బొట్టు. అది ఒలికిపోకూడదు. ఎవరో తుమ్ముతారు, ఎవరో చెయ్యి మార్చుకుంటారు, బొట్టు అటూ ఇటూ జారుతుంది. నా పక్కన అమ్మ. పోయినప్పటి వయసు కాదు, నాకంటే చిన్నది. "గట్టిగా కాదే, మెత్తగా పట్టుకో" అంది.

నా స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి వచ్చాను. దారిలో దీపస్తంభాలన్నీ ఒకే శ్రుతిలో గొణుగుతున్నాయి.

మార్చి 7

వదిన ఫోన్. ఆ ఇంట్లో నాతో మాట్లాడేది ఆవిడొక్కతే.

"అమ్మాయ్, మీ అమ్మ గడియారానికి కాళ్ళొచ్చాయి. ఒకటే పరుగు. మీ అన్నయ్య దాన్ని చూసుకుని బయల్దేరి, ప్లాంటు బస్సు రాకముందే వెళ్ళి రోడ్డు మీద నిలబడుతున్నారు. నెలాఖరుకి మూసేస్తుంటే ఇప్పుడేంటి సార్ ఇంత శ్రద్ధ అని డ్రైవర్ నవ్వుతున్నాడట."

"ముల్లు కాస్త వెనక్కి తిప్పరాదూ?"

"అమ్మో! దాన్ని ఎవర్నైనా ముట్టుకోనిస్తారా? 'అదే వస్తుంది, దానికి మనిషి ఉంది' అంటారు."

"మనిషా? ఎవరట?" అన్నాను.

"నన్నడుగుతావేం? అన్నాచెల్లెళ్ళిద్దరూ మూతులు బిగించుకుని కూర్చోండి. మధ్యలో పరీక్షలు నాకు."

అమ్మ గడియారానికి కీ లేదు, బ్యాటరీ లేదు. ప్లగ్గు గోడలో ఉంటుంది, గ్రిడ్ ఊగినట్టల్లా దాని ముల్లు తిరుగుతుంది. టిక్కు టిక్కుమనదు, సన్నగా మూలుగుతుంది. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ దానికి చెరో చెవీ ఆనించి నిలబడేవాళ్ళం. గ్రిడ్ యాభైకి కాస్త పైన నడిస్తే అది ముందుకు పోతుంది, కిందికి దిగితే వెనకబడుతుంది. అలాంటి గడియారాలు ఇంటింటా ఉన్న రోజుల్లో కంట్రోల్ రూమ్‌లో మాకొక ఆనవాయితీ ఉండేది. గడియారాలు ముందుకు పోతే గ్రిడ్‌ని ఒక పిసరు నెమ్మదిగా, వెనకబడితే ఒక పిసరు జోరుగా నడిపి జనం టైము జనానికి తిరిగిచ్చేవాళ్ళం. ఇప్పుడా గడియారాలు ఎవరి దగ్గరున్నాయని దాన్ని నిబంధనల్లోంచి తీసేశారు. చెయ్యొద్దనలేదు, అక్కర్లేదన్నారు. ఇష్టం షిఫ్టు ఇన్‌చార్జిది.

నేనింకా చేస్తాను. ఈమధ్య గాలులు బాగా వీచి గడియారాలన్నీ ముందుకు పోయాయి. నా షిఫ్టులో రోజూ కాస్త కాస్త వెనక్కి తెస్తున్నాను.

మార్చి 8

అది క్రమశిక్షణ. అంతే. ఎవరి కోసమూ కాదు.

మార్చి 11

ఇవాళ రిహార్సల్. ఆఖరి యూనిట్‌ని కూడా మధ్యాహ్నం పూట పక్కన పెట్టి, పూర్తిగా మంట లేకుండా దేశాన్ని నడిపి చూడటం.

ఎంత బాగుందో చెప్పలేను. పడమటి బయళ్ళలో ఎండ విరగకాస్తోంది, తూర్పు తీరాన గాలి. గోడ మీది పెద్ద తెర మీద గీతలన్నీ నీళ్ళలో నాచులా కదులుతున్నాయి. గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కళ్ళజోడు కూడా జోకులు వెయ్యలేదు. వాడు నా పక్క డెస్కు ఇంజనీరు, ఊపిరాడకపోయినా జోకు మానని మనిషి.

అంతలో పడమటి పెద్ద లైను పడిపోయింది. ఎండ కాస్తూనే ఉంది, ఆ కరెంటు వచ్చే దారి మాత్రం తెగిపోయింది. అంకె జారింది. అంత తొందరగా జారడం నేనెప్పుడూ చూడలేదు, చేతిలోంచి గాజు గ్లాసు జారినట్టు. బ్యాటరీలు అందుకునేలోపే అంకె ప్రమాదపు గీత దాటి కిందికి పోయింది, ఆ గీత దాటితే రిలేలనే రక్షణ స్విచ్‌లు వాటంతట అవే కొన్ని ఊళ్ళకి కరెంటు కోసేస్తాయి. రెండు ఊళ్ళు ఆరిపోయాయి. లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుపోయారు. కాసేపటికి మళ్ళీ వెలిగించాం.

కాసేపే. అయినా సరే.

ఎండకి బరువు లేదు. అదీ సంగతి. బొగ్గు ప్లాంటు జనరేటర్ అంటే కొన్ని వందల టన్నుల ఇనుము గిర్రున తిరగడం. ఏ లైను పడిపోయినా ఆ ఇనుము టక్కున నెమ్మదించదు. ఆ జాప్యంలో మనం తేరుకుంటాం. ఇవాళ ఆ బరువు లేదు. కారణం అదే. ఇంకేమీ లేదు.

మార్చి 12

మా డైరెక్టర్ ముఖంలో పెళ్ళికళ. ఊళ్ళు ఆరిపోతే ఒక మనిషి ముఖం అంతలా వెలగడం మొదటిసారి చూశాను.

"చూశారుగా మేడమ్! ఆవేశం వేరు, ఇంజనీరింగ్ వేరు. ఆ ఒక్క మంటా ఇంకో అయిదేళ్ళు ఉండనివ్వండి."

"లైను బాగు చెయ్యమని ఎన్నిసార్లు రాశాను సార్? అది చెయ్యకుండా మంట ఉంచమంటారేం? కప్పు కారుతుంటే ఇంట్లో గొడుగు వేసుక్కూర్చుంటారా?"

"మీరు వ్యాసాల్లో మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడకండి."

"వ్యాసాల్లో ఇంకా బాగా మాట్లాడతాను."

ఇరవై నాలుగున విచారణ. విద్యుత్ కమిషన్ చైర్మన్ ముందు. మంట ఆర్పాలా, ఇంకో అయిదేళ్ళు ఉంచాలా తేల్చేస్తారు. అయిదేళ్ళన్న మాట నమ్మేంత పసిదాన్ని కాను. వాయిదా అనే జంతువుకి తోక కనిపిస్తుంది గానీ తల ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మార్చి 13

బరువు లేకపోవడమే కారణం.

మార్చి 15

క్యాంటీన్‌లో కళ్ళజోడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, లైను పడిపోయే ముందు మనం యాభై మీద లేం."

"తెలుసు."

"కింద ఉన్నాం. మీరు కావాలని కిందికి పట్టుకున్నారు. గడియారాల కోసం."

"తెలుసన్నానుగా."

"రిపోర్టులో నేను రాయలేదు. డైరెక్టర్‌కి తట్టలేదు. ఆయనకి గడియారమంటే సెల్‌ఫోన్‌లో ఉండేదే." కాస్త నవ్వాడు. "ఇంతకీ దేశంలో ఆ గడియారం ఉన్నవాళ్ళు ఎందరుంటారంటారు? సంఘం పెట్టుకున్నారా?"

కప్పు గట్టిగా కింద పెట్టి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి లెక్క వేశాను. మళ్ళీ వేశాను. యాభై దగ్గరే ఉండి ఉంటే అంకె గీత పైనే ఆగేది. వెంట్రుకవాసి పైన. ఊళ్ళు ఆరేవి కావు.

నేనే. బరువు లేకపోవడమూ నిజమే, కానీ ముందే మెట్టు దిగి నిలబడింది నేను. రిహార్సల్ రోజునైనా మానేసి ఉండొచ్చు. ఆ పొద్దున వదిన మళ్ళీ ఫోన్ చేసింది: "ఇంకా ముందే ఉందమ్మాయ్, మీ అన్నయ్య వానలో తడిసి వచ్చారు." వానలో నిలబడటానికి ఆ మనిషికి గొడుగు లేదా? సెల్‌ఫోన్‌లో టైము చూసుకోవడం రాదా?

చెప్పేస్తే నన్ను డెస్కు మీంచి తీసేస్తారు. చెప్పకపోతే మంట ఉండిపోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

రోజంతా ఆలోచిస్తున్నాను.

మార్చి 16

మధ్యాహ్నం నిద్ర. దుప్పటి మళ్ళీ. ఈసారి మధ్యలో బొట్టు కాదు, నల్లటి పెద్ద చక్రం. అంత బరువు మోస్తున్నా దుప్పటి చిరగడం లేదు సరికదా, గాలికి రెపరెపలాడటం మానేసి కుదురుగా ఉంది. చక్రం తిరుగుతోంది. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. వేడి లేదు, మసి లేదు. ఎందుకు తిరుగుతున్నావని అడిగాను. ఆగడం మర్చిపోయానంది.

మార్చి 17

కల కాదు. నిజంగా చెయ్యొచ్చు. టర్బైన్‌కీ జనరేటర్‌కీ మధ్య క్లచ్ పెట్టి విడదీస్తే, ఆవిరి ఆగిపోయినా జనరేటర్ గ్రిడ్ నుంచి గుక్కెడు కరెంటు తీసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. అది దేశానికి కరెంటు ఇవ్వదు, తన బరువు ఇస్తుంది. ఆ ప్లాంటుకి క్లచ్ కిందటి మరమ్మతుల్లోనే అమర్చారు. వాడకుండా ఉంచారు. నాకు తెలుసు. తెలిసీ, దాన్ని వాడదామన్నప్పుడు అడ్డుపడ్డాను. "ఒక్క బోల్టు మిగిలినా అది వాళ్ళ గెలుపే" అని రాశాను. ఆ వాక్యాన్ని జనం గోడల మీదికెక్కించారు.

నా వ్యాసాలు వేసే పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసి చెప్పాను.

"మంట ఆర్పి, చక్రం ఉంచాలంటావా?"

"అవును."

"ఒక్క బోల్టు..."

"నా వాక్యం నాకే అప్పజెప్పకు."

"నువ్వు మారిపోయావు."

"మారలేదయ్యా! మంట ఆర్పాలన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను. బొగ్గు మీద కోపం ఇనుము మీద చూపించానప్పుడు. ఇనుమేం చేసింది?"

ఫోన్ పెట్టేశాడు. పెట్టెయ్యనీ. తన గదిలో లైటు వెలుగుతుందో లేదో తప్ప అది ఎలా వెలుగుతుందో ఏనాడూ అడగని మనిషి.

మార్చి 19

క్లచ్ చూడటానికి ప్లాంటుకి వెళ్ళాం, కళ్ళజోడూ నేనూ. చూపించడానికి వచ్చింది ఫోర్‌మన్. ఇంకెవరు వస్తారు?

జుట్టంతా నెరిసిపోయింది. నా వైపు చూడలేదు. ఏం చెప్పినా కళ్ళజోడుకే చెప్పాడు.

"మీ మేడమ్‌కి చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇవ్వండి. చిన్నప్పట్నుంచీ పెద్ద శబ్దం పడదు. తను చేసేది తప్ప."

"మీ ఫోర్‌మన్‌గారికి చెప్పండి, నా చెవులు బాగానే ఉన్నాయని."

కళ్ళజోడు అటోసారి ఇటోసారి చూసి, "నేను కాసేపు బయట నిలబడనా?" అన్నాడు.

టర్బైన్ హాలు దేవుడు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లులా ఉంది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పలకలు పలకలుగా దిగి నేల మీద నిద్రపోతోంది. మధ్యలో ఆ యంత్రం. నేల అరికాళ్ళ కింద మూలుగుతోంది. ఆ మూలుగు నాకు తెలుసు. చిన్నప్పుడు గోడకి చెవి ఆనించి విన్నదే. అదే శ్రుతి. ఈ ఇనుమూ, మా అమ్మ గడియారమూ, నా డెస్కు మీది అంకె, అన్నీ కలిసి తిరుగుతున్నాయి. అన్నయ్య జనరేటర్ గుల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను ఈ పక్కన ఆనించాను.

క్లచ్ బాగానే ఉంది. ఆ చక్రాన్ని కనిపెట్టుకుని ఉండటానికి గుప్పెడు మంది చాలు. అన్నయ్య కింద పనిచేసే మిగతావాళ్ళకి పని పోతుంది. మంట ఇంకో అయిదేళ్ళుంటే వాళ్ళకీ అయిదేళ్ళు పని ఉంటుంది. ఇది నేను తప్పించుకోగలిగిన నిజం కాదు, అన్నయ్య మర్చిపోగలిగిందీ కాదు. విచారణకి తననీ పిలిచారు. క్లచ్ నమ్మదగింది కాదని ఒక్క మాటంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు కూడా.

మార్చి 22

రాయడానికేమీ లేదు. చిమ్నీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఇవాళ పొగ గాలికి ఇటే వచ్చింది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి.

మార్చి 24

పొడుగు హాలు, గచ్చు మీద గీరుకుంటూ జరిగే కుర్చీలు. ఒక ఫ్యాను మాత్రం ఎందుకో నెమ్మదిగా, కలలోలా తిరుగుతోంది. డైరెక్టర్ గ్రాఫులు చూపించాడు. మంట లేకపోతే దేశం ఎలా జారిపోతుందో చూడండన్నాడు.

నేను లేచాను. "ఆ జారుడు మొదలైంది యాభై దగ్గర కాదు సార్. అంతకంటే కింద. అక్కడ పట్టుకున్నది నేను."

డైరెక్టర్ కాగితాల్లోంచి తలెత్తాడు.

"ఎందుకు?" అన్నారు చైర్మన్.

"గడియారాలకి టైము తిరిగివ్వడానికి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చైర్మన్ నవ్వలేదు. "ఎవరి గడియారాలమ్మా?" అన్నారు.

జవాబు చాలా సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆనవాయితీ, క్రమశిక్షణ, ప్రజల టైము. "మా అన్నయ్య గడియారం సార్" అన్నాను.

తర్వాత లెక్కలు చూపించాను. యాభై దగ్గర ఉండి ఉంటే వెంట్రుకవాసిలో బతికేవాళ్ళం. చక్రం బరువు తోడుంటే నేను చేసిన తప్పుతో సహా బతికేవాళ్ళం. మంట ఆర్పండి, చక్రం ఉంచండి, లైను బాగు చెయ్యండి, పని పోయే ప్రతి మనిషికీ గ్రిడ్‌లోనే పని చూపించండి. ఆఖరిదాని దగ్గర గొంతు లేచింది. "పరిశీలిస్తాం" అన్నారు. ఆ మాటకి నా దగ్గరున్న అర్థం "చెయ్యం". దాని మీద కొట్లాట వేరే ఉంది. వదలను.

అన్నయ్యని పిలిచారు.

"మంట లేకుండా ఆ జనరేటర్ తిరుగుతుందా?"

అన్నయ్య చాలాసేపు టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. తన మనుషులు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ వైపొకసారి చూశాడు.

"తిరుగుతుంది సార్."

"నమ్మకంగానా?"

"నేను చూసుకుంటే."

అంతే. కూర్చున్నాడు.

మార్చి 25

నెలాఖరున మంట ఆర్పడం ఖాయమైంది. చక్రం ఉంటుంది. నన్ను డెస్కు మీంచి తీసేశారు, ఇవాళ్టి నుంచే. ఫైళ్ళ విభాగం. కిటికీ లేని గది. అక్కడ అంకె కనిపించదు.

సాయంత్రం వదిన ఫోన్. "వెనక వరసలో వాళ్ళు మీ అన్నయ్యతో మాట్లాడటం లేదు. ఎందుకలా చెప్పారని అడిగాను. తిరిగేదాన్ని తిరగదనడానికి నోరు రాలేదన్నారు. అమ్మాయ్, మంట ఆర్పే రోజు నువ్వేం చేస్తావు?"

"ఏముంది, ఫైళ్ళు."

"ఫైళ్ళా, నా తలకాయా! సెలవు పెట్టి ఇక్కడికి రా."

మార్చి 31

ఈ ఇంట్లో అడుగుపెట్టి ఎన్నాళ్ళో. వంటగదిలో వదిన కూర తరుగుతోంది. నేను గోడకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేననుకున్న రోజు ఇది కాదు. పెద్ద తెర ముందు, హెడ్‌ఫోన్ పెట్టుకుని, దేశమంతా నా వేళ్ళ కింద ఉండాల్సిన రోజు. నాకు మిగిలిన తెర ఇదొక్కటే: రంగు వెలిసిన గుండ్రటి ముఖం, మూడు ముళ్ళు.

మధ్యాహ్నం దాటాక వదిన వసారాలోంచి పిలిచింది. చిమ్నీ మీద పొగ పలచబడింది. దారంలా అయింది. తర్వాత అదీ లేదు. వెనకనున్న ఆకాశం కనిపించింది, మామూలు ఆకాశం. దీని కోసం ఇన్నేళ్ళు అరిచాను. అరవాలనిపించలేదు. చిమ్నీ ఎవరి కోసమో లేచి నిలబడి, ఎందుకు లేచిందో మర్చిపోయినదానిలా ఉంది.

లోపలికి వచ్చి గడియారానికి చెవి ఆనించాను. మూలుగుతోంది.

ఇంతకాలం అన్నయ్య ఇక్కడ కూర్చుని నన్ను విన్నాడు. ఇవాళ నేను వింటున్నాను.

ఎంతసేపలా నిలబడ్డానో. ముల్లు నెమ్మదించిందా లేదా అన్నది కంటికి తెలిసేది కాదు. తెలిసినా చెయ్యగలిగింది లేదు. ఒకసారి ట్యూబ్‌లైటు రెప్ప వేసినట్టనిపించింది. నా రెప్పేనేమో. కాసేపటికి కళ్ళజోడు మెసేజ్: "పడమటి లైను మళ్ళీ పోయింది మేడమ్. ఒక్క ఇల్లు ఆరలేదు. మీ ఫోర్‌మన్ చక్రం పట్టుకుంది. నాకు ఏడుపొస్తోంది, జోకు కాదు."

వదినకి చదివి వినిపించాను. "లైను పోయిందా? ఎప్పుడు?" అంది. స్టవ్ మీద కూర ఉడుకుతూనే ఉంది, ఎలక్ట్రిక్ స్టవ్.

అన్నయ్య చీకటి పడకముందే వచ్చాడు. చొక్కా తెల్లగా ఉంది. గుమ్మంలో నన్ను చూసి ఆగాడు, చెప్పులు విడిచాడు, కాళ్ళు కడుక్కున్నాడు. వచ్చి గడియారం ముందు నిలబడి, తన సెల్‌ఫోన్ జేబులోనే ఉన్నా తియ్యకుండా, గోడ వైపే చూస్తూ అడిగాడు.

"టైమెంతే?"

నాతోనే. గదిలో కళ్ళజోడు లేడు.

చెప్పాను. గడియారం వెనకబడి ఉంది. ఇవాళ డెస్కు మీద దాన్ని ముందుకు తెచ్చేవాళ్ళెవరూ లేరు.

స్టూలు లాక్కుని ఎక్కాడు. ముల్లు మీదికి వేలు పోనిచ్చాడు.

"ముట్టుకోనివ్వవటగా ఎవర్నీ" అన్నాను.

"దాని మనిషి ఇంట్లో కూర్చుంటే మరి ఎవరు తిప్పుతారు? సరిగ్గా చూసి చెప్పవే. నీ వ్యాసాల్లోలా గుండుగుత్తగా కాదు."

"నువ్వు సరిగ్గా తిప్పు ముందు."

స్టూలు కాళ్ళు ఊగుతున్నాయి. వెళ్ళి పట్టుకున్నాను. మెత్తగా పట్టుకోమని అమ్మ చెప్పింది గానీ, అన్నయ్య బరువు తక్కువ మనిషేం కాదు. గట్టిగానే పట్టుకున్నాను.